అలమర మీది పెట్టె



మూడు వారాలుగా మా ఇంట్లో అలమర మీద ఒక పెద్ద అట్టపెట్టె ఉంది. చూసినవాళ్లు చూశారు, చూడనివాళ్లు విన్నారు. ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న మన సంఘ యువకుడు సెలవులకు వస్తూ సండే స్కూల్ పిల్లల కోసం తెచ్చిన ఆట అది. పేరు హీరోక్వెస్ట్. మూత మీద కత్తి పట్టిన యోధుడు, చుట్టూ వికారపు ముఖాలు. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు ఇద్దరు దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు. "అయ్యగారూ, దయ్యాల బొమ్మలంట గదా. మందిరంలో పిల్లల చేతికిద్దామా?"

అడగడం తప్పు కాదు. పెద్దలున్నది అడగడానికే. ప్రార్థించి చెబుతామన్నాం. ప్రార్థించిన మాట నిజమే గాని జవాబు ఆలస్యం కావడానికి కారణం వేరే ఉంది. ఆ పెట్టె మాకు కొత్త కాదు.

మీలో చాలామంది ఈ కథ విన్నారు కూడా. యూత్ క్యాంపుల్లో, ఉజ్జీవ కూటాల్లో మేము చెప్పే సాక్ష్యాల్లో అదొకటి. చిన్నప్పుడు హాస్టల్లో ఒక దయ్యాల ఆట మా చేతికి చిక్కడం, వాక్యం విన్న రాత్రే దాన్ని అగ్నికి అప్పగించడం. ఒకచోట చప్పట్లు కూడా కొట్టారు. ఆ సాక్ష్యంలో ఒక మనిషిని వదిలేశాం. ఇన్నేళ్లూ వదిలేస్తూనే వచ్చాం. ఆ మనిషిని కలుపుకుని మళ్లీ చెప్పాలని ఈ వారం రాస్తున్నాం.

1994. మేము ఎనిమిదో తరగతి. మిషన్ కాంపౌండులో మగపిల్లల హాస్టల్. అంతమందికీ ఒకటే క్యారమ్ బోర్డు, దానికీ ఒక మూల వల చిరిగిపోయింది. ఎవరో ఇంటి నుంచి వైకుంఠపాళి పటం తెస్తే, అందులో దేవుళ్ల బొమ్మలున్నాయని వార్డెన్ అయ్యగారు తీసి బీరువాలో పెట్టేశారు. గోళీలు, కర్రాబిళ్లా ఎటూ ఉన్నాయనుకోండి. ఆ సంవత్సరం ఆసుపత్రికి ఇంగ్లండు నుంచి ఒక డాక్టరు గారు కుటుంబంతో వచ్చారు. వాళ్లబ్బాయి మా ఈడువాడే. బడికి వెళ్లే పని లేదు, స్నేహితులు లేరు. ఒక సాయంత్రం పెట్టె చంకన పెట్టుకుని హాస్టల్ వరండాలోకి వచ్చాడు.

మూత తీసినప్పుడు మాలో ఎవరికీ మాట రాలేదు. మొత్తం 35 బొమ్మలు. చూపుడువేలి మొదటి కణుపు కంటే కొంచెం పొడుగు. గొడ్డలి పట్టినవాళ్లు, అస్థిపంజరాలు, రెక్కల భూతం ఒకటి. నలుగురు వీరులు ఎర్ర ప్లాస్టిక్‌లో, రాక్షసులు కొందరు పచ్చగా, కొందరు బూడిదరంగులో, చచ్చి లేచినవాళ్లు ఎముక రంగులో. వాటికంటే మమ్మల్ని పట్టేసింది సామాను. బల్లలు, సింహాసనం, నిప్పుగూడు, పుస్తకాల అర, సమాధి, మూత తెరుచుకునే పెట్టెలు. బల్ల మీద అతికించడానికి గోరంత ఎలుకలు కూడా ఉన్నాయి. మాకు హాస్టల్లో ఒక్కొక్కరికీ ఒక ట్రంకుపెట్టే ఆస్తి. ఎవరో ఎక్కడో కూర్చుని ఎలుకను కూడా మరిచిపోకుండా చేశారన్నది నమ్మశక్యం కాలేదు.

అతనికి తెలుగు రాదు, మాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. చేతులతోనే నేర్పాడు. పటం మీద 26 గళ్లు పొడుగు, 19 గళ్లు వెడల్పు. గదుల గోడలు గీసి ఉంటాయి గాని గదుల్లో ఏముందో మనకు తెలియదు. ఒక్కడికి తెలుసు. అతను అట్ట తెర వెనక కూర్చుంటాడు, కథల పుస్తకం అతని చేతిలోనే ఉంటుంది. వీరుడు వెళ్లి తలుపు తెరిచినప్పుడే అతను ఆ గదిలో బల్ల పెడతాడు, పెట్టె పెడతాడు, ఇద్దరు రాక్షసుల్ని నిలబెడతాడు. తలుపు తెరవకముందు ఖాళీ గళ్లు. తెరిచాక గుండె దడ. తెర వెనక కూర్చునేవాడి పేరు మోర్కారు, దుష్ట మాంత్రికుడు. తక్కిన నలుగురూ ఒక్కటై అతని మీదికి పోవాలి.

క్రైస్తవ హాస్టల్ పిల్లలం కాబట్టి వీరులకు వారం తిరగకుండానే మా పేర్లు పడ్డాయి. కండలు తిరిగిన బార్బేరియన్ సంసోను. పొట్టివాడైన డ్వార్ఫ్ జక్కయ్య. కర్ర పట్టిన మాంత్రికుడు మోషే. మిగిలిన ఎల్ఫ్ దావీదు అయ్యాడు. ఆట చేసినవాళ్లకు తెలియకపోయినా పేర్లు భలే అతికాయి. ఆ అట్టముక్కల మీద బార్బేరియన్‌కు దేహబలం 8, బుద్ధిబలం 2. న్యాయాధిపతుల గ్రంథం చదివినవాళ్లెవరూ కాదనరు. మోషేకు దేహం 4, బుద్ధి 6. ఉచ్చులు విప్పడం జక్కయ్యకు వచ్చిన విద్య, సుంకరి కదా, లోగుట్టులు తెలుసు. గుడ్డలు చుట్టిన శవాలు రెండుండేవి. సండే స్కూల్ బొమ్మలో సమాధిలోంచి వచ్చే లాజరు అచ్చం అలాగే ఉంటాడు. అందుకని మమ్మీలు అనే మాట నేర్చుకోకుండానే వాటిని లాజర్లు అన్నాం. "రెండో లాజరు వచ్చాడ్రోయ్" అని మేము అరుస్తుంటే వంటామె బయటికొచ్చి చూసి, ఏ పాఠమో నేర్చుకుంటున్నామని సంతోషించి వెళ్లిపోయేది.

డాక్టరు గారి ఏడాది అయిపోయింది. వెళ్లేరోజు ఆ అబ్బాయి పెట్టెను మాకిచ్చి చెయ్యి ఊపి జీపెక్కాడు. అప్పుడొచ్చింది చిక్కు. అన్నాళ్లూ మోర్కారు అతనే. ఇక మోర్కారు ఎవరు?

సంసోను, జక్కయ్య, మోషే, దావీదు, ఆ నలుగురూ మేమే. ఎవ్వరం జాగా మారడానికి ఒప్పుకోలేదు. పొద్దునా సాయంత్రం ప్రార్థన జరిగే చోట సాతాను పక్షాన కూర్చోవడం ఒక భయం. ఎప్పుడూ గెలిచే జట్టును వదలడం ఇంకో బాధ. రెండోదే ఎక్కువని ఇప్పుడు ఒప్పుకోవచ్చు. అప్పుడు ఏడో తరగతిలో ఒకడు, మేము ఆడుతుంటే రోజూ స్తంభానికి ఆనుకుని చూసేవాడు, "నేను కూచుంటా" అన్నాడు. ఇక్కడ అతన్ని తమ్ముడు అని రాస్తాం. తల్లీ తండ్రీ లేరు, అమ్మమ్మ పెంచింది. ఇంగ్లీషు రీడరు మొత్తం కంఠతా వచ్చు.

తమ్ముడు మోర్కారు అయ్యాక ఆట వేరే అయిపోయింది. కథల పుస్తకంలో 14 సాహసాలుంటే ఒక్కొక్కటీ నిఘంటువు దగ్గర పెట్టుకుని రూళ్ల పుస్తకంలో తెలుగులోకి రాసుకున్నాడు. స్టడీ అవర్ అయ్యాక, కరెంటు పోయిన రాత్రుల్లో, కొవ్వొత్తి ముందు కూర్చుని గొంతు తగ్గించి చదివేవాడు. చెరలో ఉన్న ఒక వీరుణ్ణి బతికించి బయటికి తేవాలన్న సాహసం వచ్చినప్పుడు ఆ వీరుడికి పేతురని పేరు పెట్టాడు. హేరోదు చెరసాల నుంచి దూత పేతురును నడిపించుకొచ్చిన రాత్రి మాకు బాగా తెలుసు కాబట్టి, ఆ రోజు మేము ఆడలేదు, బతికాం. గోడ మీద అస్థిపంజరాల నీడలు మనిషంత. పాచిక ఒకటి ధాన్యం గాదె కిందికి పోతే వడ్రంగి చేత చెక్కతో చెక్కించుకొచ్చింది కూడా తమ్ముడే. వీరుల వివరాలు రాసుకునే కాగితాలు అయిపోతే స్కేలు పెట్టి గళ్లు గీసిచ్చింది అతనే.

ఆ పాచికల గురించి ఒక మాట చెప్పాలి. కొట్లాటకు వేరే పాచికలుంటాయి. ఆరు ముఖాల్లో మూడింటి మీద పుర్రె, రెండింటి మీద తెల్ల డాలు, ఒక్కదాని మీద నల్ల డాలు. పుర్రె పడితే దెబ్బ. వీరుడు తెల్ల డాలుతో కాచుకుంటాడు, రాక్షసుడు నల్ల డాలుతో. అంటే ఒక్కో పాచికకు మాకు ఆరింట రెండు, వాళ్లకు ఆరింట ఒకటి. రాక్షసులు సాధారణంగా ఒక్క దెబ్బకే పోతారు. మాకు నాలుగు నుంచి ఎనిమిది దాకా ప్రాణాలు. మోర్కారుగా కూర్చునేవాడు దాదాపు ఓడిపోవడానికే కూర్చుంటాడన్నమాట. గది సర్దాలి, కథ చెప్పాలి, భయపెట్టాలి, చివరికి ఓడిపోయి బొమ్మలన్నీ ఏరి పెట్టెలో సర్దాలి. మేము గెలిచి వెళ్లి పడుకునేవాళ్లం. ఇది అప్పట్లో మాకు లెక్కలోకే రాలేదు.

ఆ డిసెంబరులో ఉజ్జీవ కూటాలు జరిగాయి. బయటినుంచి వచ్చిన ప్రసంగీకుల చేతిలో ఒక ఇంగ్లీషు కరపత్రం ఉంది. పాచికలు, మంత్రాలు, భూతాలు ఉన్న ఆటల ద్వారా పిల్లల్లోకి సాతాను ఎలా దూరుతాడో చెప్పారు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం తీశారు. ఎఫెసులో మాంత్రిక విద్యల పుస్తకాలు తెచ్చి అందరిముందూ కాల్చేశారు కదా, వాటి వెల లెక్కచూస్తే యాభై వేల వెండి రూకలయింది కదా, ఈ రాత్రి మీ దగ్గర ఏముందో తీసుకురండి అన్నారు. మా గుండెలు జారిపోయాయి. మోషే చేతిలో మంత్రాల కార్డులున్నాయి మరి. నిప్పు, నీరు, గాలి, మట్టి, ఒక్కో దానికి మూడేసి.

పెట్టె మోసుకెళ్లి వేదిక ముందు పెట్టాం. వార్డెన్ అయ్యగారు మూత తీసి బొమ్మలు చూసి, కోపంతో కాదు, నిజంగా భయపడి అడిగారు. "ఇందులో సాతాను వేషం ఎవరిదిరా?"

నాలుగు చేతులు ఒకవైపు లేచాయి.

ముందు ఎవరి చెయ్యి లేచిందని ఇప్పుడు ఆ నలుగురిలో ఎవరినడిగినా "మేము" అనే అంటారు. ఈ రాతలో కూడా అదే మాట వాడుతున్నామని మాకు తెలుసు. పాస్టరు 'మేము' అంటే మర్యాద అనుకుంటారు. కొన్నిచోట్ల అది దాక్కునే చోటు.

మమ్మల్ని వేదిక మీదికి పిలిచి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. తమ్ముణ్ణి పక్కకు తీసుకెళ్లి విడిగా, పెద్ద గొంతుతో, చాలాసేపు ప్రార్థన చేశారు. క్రిస్మస్ నాటకంలో అతను గొర్రెల కాపరి. ఆ వేషం తీసేశారు. బడి పిల్లలు అతన్ని మోర్కారు అని పిలవడం మొదలుపెట్టారు, ఆట ఎరగనివాళ్లతో సహా. పెట్టెను ఆ రాత్రే బావి వెనక కాల్చారు. ప్లాస్టిక్ కాలిన కంపు రెండు రోజులు పోలేదు. ఎండాకాలం సెలవులకు తమ్ముడు అమ్మమ్మ ఊరు వెళ్లాడు. జూన్‌లో తిరిగి రాలేదు.

వార్డెన్ అయ్యగారి మీద మాకు కోపం లేదు. మాకు జ్వరమొస్తే రాత్రంతా మేలుకున్న మనిషి ఆయన. పిల్లల ఆత్మలకు తాను లెక్క చెప్పాలని నమ్మినవాడు. ఆ భయం ఆయన సొంతమూ కాదు. అమెరికాలో 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట వచ్చింది, ఈ జాతి ఆటలన్నిటికీ పెద్దన్న. 1980ల్లో అక్కడి విశ్వాసుల్లో చాలామంది దాన్ని చూసి వణికారు. దాని మీద 1984లో బొమ్మల కరపత్రం కూడా అచ్చయింది. హీరోక్వెస్ట్ ఆ తర్వాత 1989లో వచ్చింది. చేసినది మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ, బ్రిటన్‌లోని గేమ్స్ వర్క్‌షాప్ సాయంతో. దాన్ని రూపొందించిన వ్యక్తి స్టీఫెన్ బేకర్.

ఆ కంపెనీ పుట్టుక చదివినప్పుడు మాకు నవ్వొచ్చింది. స్థాపించిన మిల్టన్ బ్రాడ్లీ 1860లో మొట్టమొదటి ఆట అమ్మినప్పుడు పాచికలు పెట్టలేదు. పాచికలంటే జూదమని అప్పటి భక్తిపరుల అభ్యంతరం. అందుకని అంకెలు వేసిన బొంగరం లాంటిది పెట్టాడు. ఆ పటం మీద నీతిగా నడిస్తే సుఖమైన ముసలితనం, లేకపోతే నాశనం. మన వైకుంఠపాళికి దూరపు చుట్టమే. ఓర్క్‌లు, ఎల్ఫ్‌లు, డ్వార్ఫ్‌లు ఇలాంటి ఆటల్లోకి వచ్చింది ఎక్కువగా టోల్కీన్ పుస్తకాల నుంచి. ఆయన జీవితాంతం నిష్ఠగల క్యాథలిక్కు. చీట్లు వేయడమే పాపమైతే యూదా స్థానంలో మత్తీయను ఎన్నుకున్న పదకొండుమంది అపొస్తలులకు ఏం చెబుతాం? ప్రభువు వస్త్రాల కోసం సైనికులు వేసిందీ చీట్లే. చెయ్యి ఒకటే, పని వేరు.

అయినా పెద్దల ప్రశ్నను ఇంతటితో కొట్టిపారేయం. మంత్రాల కార్డులు ఆటకోసమే అయినా, నిన్నమొన్నటిదాకా తాయెత్తులు కట్టుకుని, చేతబడికి భయపడి, వాటినుంచి విడుదల పొంది మన సంఘంలోకి వచ్చిన కుటుంబాలున్నాయి. వాళ్లకు పుర్రె అంటే బొమ్మ కాదు. విగ్రహాలకు అర్పించిన మాంసం విషయంలో పౌలు గారు కొరింథు సంఘానికి రాసింది ఇలాంటివాళ్ల కోసమే. తినడంలో తప్పు లేదని తెలిసినా, తన తిండివల్ల సహోదరుడు పడిపోతాడంటే ఆ మాంసమే మానుకుంటానన్నాడు. అందుకని మా జవాబు ఇది. పెట్టె మందిరంలోకి రాదు. మా ఇంటి వరండాలో ఉంటుంది. తల్లిదండ్రులు పక్కన కూర్చుని చూసి, సరే అంటేనే పిల్లలు ఆడతారు. మనసు ఒప్పనివాళ్లను ఎవరూ ఒక్క మాట అనకూడదు.

ఎఫెసు సంగతి మాత్రం మళ్లీ చదివాం. చాలాసార్లు దాని మీద ప్రసంగం చేశాం గాని ఈసారి నెమ్మదిగా చదివాం. అక్కడ వచ్చినవాళ్లు తాము చేసినవి తామే ఒప్పుకున్నారు. ఎవరి పుస్తకాలు వాళ్లే తెచ్చుకున్నారు. పక్కవాడి వైపు వేలు చూపించినట్టు ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. ఈ సంగతి సెమినరీలోనూ తట్టలేదు, ఇరవై ఏళ్ల సేవలోనూ తట్టలేదు. చప్పట్లు కొట్టించుకున్నప్పుడు అసలే తట్టలేదు.

కొత్త పెట్టె పాతదానికి అచ్చు అని చెప్పలేం. హాస్‌బ్రో కంపెనీవాళ్లు 2020లో ముందుగా జనం దగ్గర డబ్బు పోగుచేసి, మరుసటి ఏడు మళ్లీ తెచ్చారు. ఒంటికన్ను ఫిమీర్లు లేవు, వాటి బదులు వేరే రాక్షసులున్నాయి. మోర్కారు పేరు అమెరికా పెట్టెలో మొదటినుంచీ ఉన్నట్టే జార్గాన్. బొమ్మలు ఇంకా నాజూకుగా ఉన్నాయి. మన యువకుడు ఇంకొకటి చూపించాడు. ఫోన్‌లో దీనికో యాప్ ఉందట. తలుపు తెరిస్తే గదిలో ఏముందో అదే చెబుతుంది, రాక్షసుల్ని అదే నడిపిస్తుంది. "ఎవరూ విలన్‌గా కూర్చోనక్కర్లేదు అయ్యగారూ, అందరూ హీరోలే" అన్నాడు సంతోషంగా. పిల్లవాడి మనసు మంచిది. కాని ఆ యాప్ మా వరండాలో వద్దన్నాం. ఎందుకో అతనికి అప్పుడు చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

హాస్టల్ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో అడిగితే తమ్ముడి నంబరు దొరికింది. నంబరు దొరికాక నాలుగు రోజులు ఫోన్ చెయ్యలేదు. గురువారం ఉపవాస ప్రార్థన అయ్యాక పాస్టరమ్మగారే ఫోన్ చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయారు.

ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పని చేస్తున్నాడట. పెళ్లయింది, ఒక కూతురు. గుడికి వెళ్లి ఎన్నేళ్లయిందో మేము అడగలేదు, అతను చెప్పలేదు. మొదట "చెప్పండి పాస్టరు గారూ" అన్నాడు. ఆ పిలుపు మమ్మల్ని పొడిచింది. సిద్ధం చేసుకున్న మాటలన్నీ పోయి, "ఆ రోజు చెయ్యి చూపించాం గదా, తప్పు మాది" అని మాత్రం రాగలిగింది. అటువైపు మిషన్ల చప్పుడు. కొంచెంసేపటికి, "చిన్నపిల్లలం అన్నా అందరం" అన్నాడు. ఆగి, "నాటకంలో కాపరి వేషం తీసేశారే, అదే బాధగా ఉండేది. అమ్మమ్మ కొత్త తువ్వాలు కొనిపంపింది తలకు చుట్టుకోవడానికి" అన్నాడు.

కొత్త పెట్టె సంగతి చెప్పాం. నల్ల డాలు ఇంకా ఒక్క ముఖం మీదేనా అని అడిగాడు. ఒక్కదాని మీదే అన్నాం. నవ్వాడు.

"ఆ రూళ్ల పుస్తకం ఉందా?"

"ఉందన్నా. అట్ట పోయింది. పధ్నాలుగులో తొమ్మిదే రాశాను. మిగతావి మీరు కాల్చేశారుగా."

నవ్వుతూనే అన్నాడు. మిగిలిన ఐదూ ఈ పెట్టెలో ఉన్నాయని చెప్పాం.

వచ్చే శనివారం సాయంత్రం ఐదింటికి మా వరండాలో. తమ్ముడు కూతుర్ని తీసుకుని వస్తానన్నాడు. ఆ అమ్మాయికి జక్కయ్య కావాలట. ఇంకా ముగ్గురు పిల్లలకు చోటుంది, పేర్లు పాస్టరమ్మగారికి ఇవ్వండి. పెద్దలు కూడా వచ్చి కూర్చోండి, చాపలు తెచ్చుకోండి. తెర వెనక మేము కూర్చుంటాం.